శివశంకర్‌జీ ఒంటి మీద కుట్లు

శివశంకర్‌జీ జీవిత చరిత్ర అని ఆయన మనుషులు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి కొండాపూర్ చౌరస్తాలో పంచారు. నా గదిలోనూ ఒకటి పడేసి పోయారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన దేశం కోసమే ఏడ్చాడని అందులో ఉంది. నవ్వాలో తిట్టాలో తెలియక దాన్ని సూదులు కాచే స్టవ్వు కింద ఎత్తుగా పెట్టుకున్నాను. ఆ పనికి బాగానే ఉంది.

ఆయన జీవితం నాకు వేరేగా తెలుసు. నేను ఆర్‌ఎంపీ వైద్యుణ్ని, పేరు వీరేశం. రాళ్లు కొట్టే బస్తీకి ఆనుకుని, చిన్న గదిలో చాలా ఏళ్లుగా సూదిమందులు ఇచ్చుకుంటూ, తెగినచోట కుట్లు వేసుకుంటూ బతుకుతున్నవాణ్ని. శివశంకర్‌జీ ఒంటి మీద నాలుగు చోట్ల కుట్లున్నాయి. కడుపు మీదివి తప్ప మిగిలినవన్నీ నా చేతివే. ఆయన సంగతి చెప్పాలంటే నాకు ఆ గుర్తులు చాలు.

ఆయన అసలు పేరు పీరయ్య. హిందువుల ఇంట్లో ఆ పేరేమిటని కొత్త కాలనీల వాళ్లు అడుగుతారు. మా వైపు ఊళ్లలో ఎవరూ అడగరు. తల్లి మొగులమ్మకు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆమె మొహర్రం పీర్లను ఉంచే కొట్టం ముందు కొంగు పరిచి, ఈసారి బతికితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కింది. వీడు బతికాడు. కొన్నేళ్లకు సాయిలు పుట్టాడు.

ఆ ఇంటికీ పీర్లకూ ఇంకో సంబంధం కూడా ఉంది. మొహర్రం పదో రోజున పెద్ద పీరును ఎత్తుకుని నీళ్లకు తీసుకుపోయేది ఆ ఇంటి మగవాళ్లే. కొట్టం కాపలా, ఊదు వేయడం, ఫాతెహా చదవడం చాంద్ మియా ఇంటివాళ్ల వంతు. ఎత్తడం వీళ్ల వంతు. తాతల నాటి నుంచీ అంతే. పీరంటే గడకర్రకు బిగించిన ఇత్తడి పంజా. మొక్కుకున్నవాళ్లంతా దానికి రంగురంగుల పట్టుగుడ్డలు కడతారు, వాటిని దట్టీలంటారు. పదో రోజుకు వాటి బరువుకు గడ ఊగుతుంటుంది, ఎత్తుకున్నవాడి మొహం గుడ్డల్లో మునిగిపోతుంది. ఆ ఇంటి కట్టుబాటు ఏమిటంటే, ఎత్తిన పీరు నీళ్లు చేరేదాకా నేలకు తాకకూడదు, ఎత్తినవాడు నోరు విప్పకూడదు, చేతులు పడిపోయినా సరే ఆ ఇంటి మగవాడికే అందించాలి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు.

మొదటి కుట్లు కనుబొమ్మ మీద. అప్పుడు వాడు నిక్కర్ల పిల్లవాడు. క్వారీలో తండ్రి సుత్తె దెబ్బకు ఎగిరిన రాతి పెచ్చు వచ్చి తగిలింది. చాంద్ మియా వాణ్ని భుజాన వేసుకుని, తన చొక్కా అంతా రక్తం చేసుకుని పరుగెత్తుకొచ్చాడు. సూది చూడగానే వాడు నా బల్ల కిందికి దూరాడు. చాంద్ మియా కూడా దూరి, కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చి, కుట్లు వేసినంతసేపూ తన వేలు వాడి పళ్ల మధ్య పెట్టాడు. వాడు కొరికిన కొరుకుడికి ఆ వేలికి కూడా కట్టు కట్టాను. "షేర్ కా బచ్చా ఉన్నడు గదా డాక్టర్" అని చాంద్ మియా నొప్పితోనే నవ్వాడు. పుస్తకంలో ఈ ముక్క లేదు.

తర్వాత కొన్నేళ్లకు అదే క్వారీలో బండ పేల్చినప్పుడు తండ్రి పోయాడు. దొరికినంత ఏరి గోనెసంచిలో తెచ్చారు. క్వారీ మూతపడింది, గుంత వాన నీళ్లతో నిండింది, పీర్లను కడిగే నీళ్లు అవే అయ్యాయి. తండ్రి వంతు పీరయ్యకు వచ్చింది. మీసాలు సరిగా రాని వయసులో ఆ బరువెత్తి, ఎండకు కాలే బండల మీద వట్టి కాళ్లతో నడిచాడు. అరికాళ్ల బొబ్బలకు మందు రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గర్వంగా నవ్వాడు.

రెండో కుట్లు ఎడమ భుజం మీద. తొంభైలో పట్నం తగలబడినప్పటివి. వాడు కంకర లారీ నడిపేవాడు. క్లీనర్ పెద్దన్న వాడికి ఈడైనవాడు, ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్లు. గొడవలు ముదిరిన సంగతి తెలియక పాత బస్తీ దారిన పోయారు. గుంపు లారీని ఆపి పేర్లు అడిగింది. వీడు పీరయ్య అన్నాడు. ఆ పేరు వినగానే ఒక ముసలాయన అడ్డం పడి వీణ్ని వదిలేయమన్నాడు. పెద్దన్నకు అలాంటి పేరు లేదు. జుట్టు పట్టి కిందికి గుంజి, లారీ చక్రం దగ్గర పడేసి, వీడి కళ్ల ముందే పొడిచారు. వీడు మీద పడి అడ్డుకోబోతే భుజం మీద కత్తి దిగింది.

పెద్దన్న శవాన్ని కంకర మీద పడుకోబెట్టి, ఒంటి చేత్తో లారీ నడుపుకుంటూ బస్తీకి వచ్చాడు. నేను భుజం కుడుతుంటే సూది వైపు చూడలేదు.

"నా పేరు చెప్తే నన్ను ఇడిసిండ్రు డాక్టర్ సాబ్. వాని పేరు చెప్తే వాన్ని సంపిండ్రు" అన్నాడు. "ఈ పేరు నాకొద్దు."

ఆ రోజు నాకు వాడి మీద జాలి వేసింది. ఇప్పుడు తలుచుకున్నా వేస్తుంది. తర్వాత ఆయన ఎన్ని చేసినా, ఆ ఒక్క రోజును మరిచిపోయి ఆయన గురించి మాట్లాడడం నాకు చేతకాదు.

పీరయ్య పోయి శివశంకర్ వచ్చాడు. నుదుట నిలువు బొట్టు, మెడలో కాషాయం కండువా, వీరాంజనేయ సేన అని ఒక దండు. మేము కూడా వాడు అనడం మాని ఆయన అనడం నేర్చుకున్నాం. పేరుకు 'జీ' ఎప్పుడు అతుక్కుందో నాకు గుర్తులేదు. పీరు ఎత్తడం మానేశాడు, ఆ పని తమ్ముడు సాయిలుకు వచ్చింది. ఆయన మంచి పనులు చేయలేదని నేను అనను. బస్తీకి నీళ్ల ట్యాంకర్ రప్పించాడు. ఆడపిల్లల వెంటపడ్డవాణ్ని నడిబజార్లో పళ్లు రాలేలా తన్నాడు. ఆ పళ్లూడినవాడూ నా దగ్గరికే వచ్చాడు, తన్ని చేయి వాచిన ఈయనా నా దగ్గరికే వచ్చాడు. సేన పుట్టాక నాకు గిరాకీ బాగా పెరిగింది.

అవి మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేస్తున్న రోజులు. భూములమ్ముకున్న రైతుల కొడుకులు అదే భూమి చుట్టూ కట్టిన గోడకు వాచ్‌మన్లుగా నిలబడుతున్నారు. వాళ్ల కడుపుమంటకు ఎవరో ఒకరు కావాలి. భూములు కొన్నవాళ్లను ఆయన చూపించలేదు, సేనకు షామియానాలు వేయించేది వాళ్లే కాబట్టి. కర్నూలు నుంచి వచ్చి ప్లాట్లు కోసి అమ్మే చెన్నకేశవులు వాళ్లలో మొదటివాడు. చూపించడానికి చాంద్ మియా మిగిలాడు, రెండు బర్రెలు, రేకుల ఇల్లు, పీర్ల కొట్టం తాళంచెవి తప్ప ఏమీ లేని మనిషి.

మూడో గాయం కడుపులో. తొంభై ఎనిమిది ఫిబ్రవరి, ఎన్నికల హడావుడి. చెన్నకేశవులు ప్లాటు హద్దు తగాదాలో ఈయన పెద్దరికానికి పోతే, అవతలివాళ్లు నడిరోడ్డు మీద పొడిచారు. పేగులు అరచేత్తో లోపలికి నొక్కి పట్టుకుని వచ్చి నా మెట్ల మీద కూలబడ్డాడు. అది నా వల్ల అయ్యే పని కాదు. తువాళ్లతో బిగించి కట్టి, సాయిలుతో కలిసి పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. పొడిచినవాళ్లు బొట్టు పెట్టుకునేవాళ్లే, అది అందరికీ తెలుసు. అయినా సాయిబులే పొడిచారని మర్నాటికి గోడల మీద రాతలు వెలిశాయి.

సాయిలు గురించి ఒక మాట చెప్పాలి. అన్న ఎంత గట్టిగా మాట్లాడతాడో తమ్ముడు అంత తక్కువ మాట్లాడతాడు. అద్దాల మేడ పనిలో ఇనుప చువ్వలు వంచేవాడు. అక్కడే చువ్వల కట్ట పడి కుడికాలి బొటనవేలు నలిగి చదునైపోయింది. అన్న ముందు కూర్చోవడం కూడా ఎరగడు. ఆ రోజు దవాఖానలో రక్తం ఇచ్చింది వాడే. ఇచ్చి వచ్చి, కళ్లు తిరుగుతుంటే తల్లి పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. లోపల పెద్ద కొడుకు తెలివి లేకుండా ఉన్నాడు. మొగులమ్మ కొంగు పరిచింది.

"పెద్ద పీరూ, వాడు నీ పేరు మార్చుకుంటే మార్చుకున్నడు గని నేను మార్చలే. నా పీరయ్యను నిలబెట్టు. ఈ ఏడు ఎవలు అడ్డమొచ్చినా మా ఇంటోడే నిన్నెత్తుతడు. వాని పేర పచ్చ దట్టి కడత" అంది.

సాయిలు తల ఊపాడు. ఆయన బతికాడు. ఈ మొక్కు సంగతి బస్తీలో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆయన ముందు ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికుంది?

ఎండాకాలం వచ్చింది, మొహర్రం దగ్గరపడింది. చెన్నకేశవులు ఒకరోజు నా దగ్గర బీపీ చూపించుకుంటూ, ఎదురుగా కూర్చున్న శివశంకర్‌జీతో నా ముందే అన్నాడు. "ఆ కొట్టం జాగా రోడ్డు ముఖానికే ఉండాది శంకరన్నా. టవర్ కాడికి నడిచిపోవచ్చు, హాస్టల్ కడితే ఒక్క గది ఖాళీ ఉండదు. ఒక్కేడు పండగ నిలబడిపోతే చాలప్పా, మళ్లీ ఎవరూ అడగరు." ఈయనకు ఆ జాగా మీద ఆశ ఉందని నేను అనుకోను. కొట్టం కనపడినప్పుడల్లా ఈయనకు లారీ చక్రం దగ్గర పెద్దన్నే కనపడేవాడు. ఒకడి ఆశ, ఇంకొకడి పగ ఒక్క జాగా దగ్గర కలుసుకున్నాయి.

హనుమంతుడి గుడి దగ్గర బస్తీ మగవాళ్లందరినీ నిలబెట్టి ఆనలు తీసుకున్నాడు. ఈ ఏడు హిందువన్నవాడెవడూ పీరు ఎత్తకూడదు, డప్పు కొట్టకూడదు, పీర్లకు నైవేద్యంగా మలీద చేసి పంపకూడదు. ఒక్కొక్కరూ వచ్చి సింధూరంలో చేయి పెట్టి ఒట్టు వేశారు. సాయిలు వంతు వచ్చేసరికి వాడు తల దించుకుని నిలబడ్డాడు. అన్న వాడి చేయి పట్టి తనే సింధూరంలో అద్దాడు. వాడు అవుననలేదు, కాదనలేదు. ఎదురుచెప్పేవాళ్లు ఎవరూ లేని మనిషికి మౌనం ఎప్పుడూ ఒప్పుకోలుగానే కనిపిస్తుంది. ఆయన సంతోషంగా తమ్ముడి భుజం తట్టాడు.

పదో రోజు మధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. కొట్టం దగ్గర డప్పు మోగింది. ఎత్తేవాడు లేక పండగ ఆగిపోతుందనుకున్న శివశంకర్‌జీ మొహం ఎర్రబడింది. తన వాళ్లు ఒట్టు తప్పి ఉంటారని ఆయనకు తోచనే లేదు. సాయిబులే కట్టుబాటు తప్పి తమంతట తాము ఎత్తుకున్నారని అనుకున్నాడు. అప్పటికే అవతలి కాలనీల నుంచి రెండు వ్యాన్లలో కుర్రాళ్లు దిగి ఉన్నారు, తలకు కాషాయం గుడ్డలు, చేతుల్లో చువ్వలు, సైకిల్ చైన్లు. మా బస్తీ మొహం ఎరగని పిల్లలు. వాళ్ల ముందు నడిచేవాడు హేమంత్ అని, కాలేజీ కుర్రాడు.

శివశంకర్‌జీ నా గది గుమ్మం ముందే వాళ్లతో మాట్లాడాడు. "ఇయ్యాల పీరు కింద మనోడు ఒక్కడు ఉండడు. నా మాట మీద అందరు ఒట్టేసిండ్రు. ఎవడు ఎత్తుకుంటే వాడు అవతలోడే. నీళ్ల దాక పోవద్దు" అని, పోలీసుల్ని మాటల్లో పెట్టడానికి చౌరస్తా వైపు జీపులో పోయాడు.

ఊరేగింపు మా సందులోకి వచ్చింది. ఒక పక్క కొత్తగా కట్టిన కాంపౌండ్ గోడ, ఇంకో పక్క కంకర కుప్పలు. ముందు చాంద్ మియా ఊదు పొగ వేసుకుంటూ వస్తున్నాడు. వెనక పెద్ద పీరు. దాని నిండా దట్టీలు, అన్నిటికన్నా పైన కొత్త పచ్చ దట్టి. ఎత్తుకున్నవాడి మొహం కనపడడం లేదు. కింద కాళ్లు చూశాను. కుడికాలి బొటనవేలు చదునుగా ఉంది.

"అరేయ్, ఆగండ్రా! వాడు సాయిలు! శంకర్ తమ్ముడు!" అని నేను అరుస్తూ దిగాను. జై కొట్టే గొంతుల్లో నా గొంతు ఎవరికి వినపడుతుంది? ఒకడు నా ఛాతీ మీద చేయి వేసి తోస్తే వెల్లకిలా మెట్ల మీద పడ్డాను.

మొదటి చువ్వ చాంద్ మియా తల మీద పడింది. ఊదు గిన్నె ఎగిరిపోయి, నిప్పులు ఆయన మీదే పడ్డాయి. డప్పులవాళ్లు డప్పులు వదిలేసి కంకర మీదుగా పరుగెత్తారు. ఆడవాళ్ల కేకలు, పిల్లల ఏడుపులు. సందు క్షణంలో ఖాళీ అయింది, పీరు మాత్రం కదలలేదు. సాయిలు పరుగెత్తవచ్చు. పీరును పడేసి రెండు చేతులు అడ్డం పెట్టుకోవచ్చు. నేను సాయిలునని ఒక్క కేక పెట్టవచ్చు. ఏదీ చేయలేదు. రెండు చేతులా గడ పట్టుకుని, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

వాళ్లు ఆ గుడ్డల మీదే కొట్టారు. చైన్లతో కొట్టారు, చువ్వలతో కొట్టారు. మోకాళ్ల మీద కొడితే కూలబడ్డాడు, అయినా గడను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని పంజా నేలకు తాకకుండా ఎత్తి పట్టుకున్నాడు. ఒకడు తల మీద రాయి వేశాడు. పచ్చ దట్టి నల్లగా తడిసింది. అప్పటికి నేను వాళ్ల కాళ్ల మధ్య నుంచి పాక్కుంటూ పోయి వాడి మీద పడ్డాను. మొహం మీది గుడ్డలు పక్కకు లాగి, "చూడండ్రా! మీ అన్న తమ్ముణ్ని చూడండి!" అని అరిచాను. నుదుట కుంకుమబొట్టు రక్తంలో సగం కలిసిపోయి ఉంది. వాళ్ల చేతులు ఆగిపోయాయి.

ఎవరో పోయి చెప్పినట్టున్నారు, జీపు వచ్చింది. అంతకు ముందే మొగులమ్మ వచ్చి కొడుకు పక్కన కూలబడింది. నేను తువాలుతో తల నొక్కి పట్టుకున్నాను, రక్తం వేళ్ల సందుల్లోంచి వేడిగా కారుతోంది. ఆటో కూడా దొరికింది. కానీ సాయిలు గడ వదలడు. గడతో సహా ఆటోలో ఎక్కించలేం. చేతులు లాగబోతే ఒక కన్నుతో నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకో కన్ను లేదు.

శివశంకర్‌జీ జీపులోంచి దూకి, గుంపును తోసుకుంటూ వచ్చి తమ్ముణ్ని చూశాడు. హేమంత్ చేతిలో చువ్వ ఇంకా అలాగే ఉంది.

"అన్నా... మాకేం తెల్సన్నా? ఎవడు ఎత్తుకుంటే వాడు అవతలోడే అని మీరే గద చెప్పిండ్రు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

సాయిలు అన్నను గుర్తుపట్టాడు. మోకాళ్ల మీది గడను కొంచెం పైకెత్తి అన్న వైపు చాపాడు.

"పట్టుకో కొడుకా" అంది మొగులమ్మ. "నువ్వు పట్టుకుంటెనే వాడు ఇడుస్తడు. జల్ది పట్టుకో, దవాఖానకు కొంటవోదం."

ఆయన చేతులు ముందుకు వచ్చాయి. నేను కళ్లారా చూశాను, వచ్చాయి. అంతలో ఆయన తల తిప్పి చూశాడు. వెనక సేన పిల్లలందరూ ఉన్నారు. జీపులో చెన్నకేశవులు కూర్చుని చూస్తున్నాడు. గోడ మీద వాచ్‌మన్లు, కంకర కుప్ప మీద బస్తీవాళ్లు. వాళ్లందరి ముందు ఆయన పీరు ఎత్తుకుని నిలబడాలి. పేరు మార్చుకున్నప్పటి నుంచి ఆయన కట్టుకున్నదంతా ఆ ఒక్క గడ దగ్గర ఆగింది.

"ఇడువురా సాయిలు. ఇత్తడి తునక అది. ఇడువు" అన్నాడు.

సాయిలు గడను ఇంకాస్త ముందుకు చాపాడు.

"పట్టుకోరా! వాని పానం పోతున్నది, పట్టుకోరా!" అని మొగులమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. కన్నతల్లి కొడుకు కాళ్లు పట్టుకుంది.

ఆయన వంగి, ఒక చేత్తో పంజాను పట్టి, రెండో చేత్తో తమ్ముడి వేళ్లు విడదీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క వేలూ వెనక్కి విరిచాడు. ఎముక చిట్లిన చప్పుడు నాకు వినపడింది. సాయిలు అప్పుడు కూడా నోరు విప్పలేదు. చివరి వేలు ఊడగానే ఆయన గడను లాగి పక్కకు విసిరేశాడు. ఇత్తడి అంచు ఆయన అరచేతిని ఎముక దాకా కోసింది. పెద్ద పీరు కంకర మీద పడి గణగణమంది. సాయిలు దాన్ని చూశాడు. ఆ కన్ను నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, నిద్రలో కాదు, మెలకువలోనే.

జూబ్లీ హిల్స్ గుట్టలు ఎక్కుతుండగా ఆటోలో, నా ఒళ్లోనే పోయాడు. ఆ వేళ్లు పట్టుకుని పోరాడినంతసేపట్లో ఆటో ఎంత దూరం పోయేదో నేను లెక్క వేయను. వేసి ఏం చేయాలి?

దవాఖాన గేటు ముందు శివశంకర్‌జీ విలేకరులతో మాట్లాడాడు. నా తమ్ముణ్ని పొట్టన పెట్టుకున్నారు అన్నాడు. ఎవరని పేరు పెట్టి చెప్పలేదు, అక్కర్లేకపోయింది. పొద్దు వాలకముందే కొట్టం తగలబడింది. చాంద్ మియా రేకుల ఇల్లు, దొడ్లో కట్టేసి ఉన్న బర్రెలు కూడా కాలిపోయాయి. బర్రెల అరుపు బస్తీ అంతా విన్నది. చాంద్ మియాను పోలీసులు తలకు కట్టుతోనే జీపెక్కించి హత్య కేసు పెట్టారు. నేను ఠాణాకు పోయి చూసింది చూసినట్టు చెప్పాను. ఎస్సై మర్యాదగా విన్నాడు, టీ తెప్పించాడు, కలం మాత్రం ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే నాలుగో కుట్లు, కుడి అరచేతిలో. మత్తుమందు వద్దన్నాడు. నేనూ ఇవ్వాలనుకోలేదు.

"చాంద్ మియా నీ పండ్ల నడుమ వేలు పెట్టిండు, యాదున్నదా?" అన్నాను సూది దించుతూ.

"కుట్లెయ్, మాట్లాడకు."

"ఎవడు సంపిండో నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

ఆయన గది నాలుగు మూలలూ నింపాదిగా చూశాడు. "నీ తలుపు కట్టెదే గదా డాక్టర్ సాబ్. జర పైలం" అన్నాడు. నాకు భయం వేసింది. కోపం అంతకన్నా ఎక్కువ వేసింది. కుట్లు మాత్రం సరిగ్గానే వేశాను.

దినకర్మ రోజున సంతాప సభ పెట్టారు. కాలిన కొట్టం జాగాను చదును చేయించి, చెన్నకేశవులే షామియానా వేయించాడు. సాయిలు ఫోటో మనిషి ఎత్తున, కింద 'ధర్మవీరుడు' అని రాసి ఉంది. ఫోటోలో వాడు ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు ఉన్నాడు. శివశంకర్‌జీ మైకు ముందు కట్టు కట్టిన చేయి పైకెత్తి, "నా తమ్ముని కాపాడబోయి నా చెయ్యి తెగింది. ఈ గాయం మానది" అన్నాడు. జనం ఊగిపోయారు. ముందు వరసలో హేమంత్ కూడా జై కొడుతున్నాడు.

అప్పుడు మొగులమ్మ మెట్లెక్కి వచ్చింది. వీరమాత వచ్చిందని ఎవరో మైకులో అన్నారు. చప్పట్లు మోగాయి. ఆమె నడుముకు చుట్టుకున్న కొంగు విప్పి, అందులోంచి పచ్చ దట్టి తీసింది. రక్తం ఎండి అట్టకట్టిన దట్టి. పెద్ద కొడుకు ఎడమ దండకు చుట్టి, పంటితో పట్టి లాగి ముడి వేసింది. ఆయన నవ్వబోయి, గుడ్డను గుర్తుపట్టి ఆగిపోయాడు. మైకు ఇంకా పనిచేస్తోంది.

"నిన్ను పొడిసినప్పుడు నీ పానం నిలబెట్టుమని పెద్ద పీరును అడిగిన. నీ పేర దట్టి కడతనన్న. మా ఇంటోడు ఎత్తుతడన్న. సాయిలు నీ కోసమే ఎత్తిండు కొడుకా. పీరు మాట తప్పలే, నిన్ను నాకు ఇచ్చిండు" అంది. "మొక్కు తీరింది. పీరు తప్పేం లేదు, సాయిలు తప్పేం లేదు. ఆనాడు నేనే అడగకుంట ఉండాల్సింది."

ఎవరో మైకు వైరు పీకేశారు. ఆమె మెట్లు దిగి, జనం మధ్య నుంచి, క్వారీ గుంత వైపు నడుచుకుంటూ పోయింది. కంకరలో పడి వంకరపోయిన పెద్ద పీరును ఆ రోజే ఆమె ఏరుకుపోయింది. దాన్ని నీళ్లలో కడిగి ఎక్కడ దాచిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మర్నాడు కుట్లు విప్పించుకోవడానికి శివశంకర్‌జీ ఒక్కడే వచ్చాడు. పొడుగు చేతుల లాల్చీ వేసుకున్నాడు. అరచేతి కుట్లు ఒక్కొక్కటే కత్తిరించి తీశాను. గాయం బాగానే అతుక్కుంది. ఆయన లేవకుండా, రెండో చేతి లాల్చీ పైకి మడిచాడు. పచ్చ దట్టి అలాగే ఉంది. చుట్టూ చర్మం గోళ్లతో రక్కినట్టు ఎర్రగా చీరుకుపోయింది. ఒంటి చేత్తో ఆ ముడి రాలేదు. ఇంకొకరి చేత విప్పించుకోవాలంటే వాళ్లకు చూపించాలి.

"ఇది గూడ జర కత్తిరియ్ డాక్టర్ సాబ్" అన్నాడు. ఆ గొంతు ఎన్నో ఏళ్ల కింద బల్ల కింద దాక్కున్న పిల్లవాడిది.

నేను కత్తెరను స్టవ్వు మీది వేడినీళ్లలో వేశాను.

"నేనేసిన కుట్లయితె నేను ఇప్పుత పీరయ్యా" అన్నాను. "అది నీ తల్లి కట్టింది."